ముప్ఫై ఒకటో నంబరు

నా కోడలు జుపార్ మా ఇంట అడుగుపెట్టి పదకొండేళ్లు గడిచినా, ఆ వేసవి వరకు నా పేరును ఒక్కసారైనా ఉచ్చరించలేదు. అది ఆమె లోపం కాదు. పెళ్లయి వచ్చిన స్త్రీ భర్త వైపు పెద్దల పేర్లు నోట ఎత్తకూడదన్నది మా కిర్గిజుల ఆచారం. నేను ఆమెకు మామయ్యను. మా అన్న బేషెన్ పెద్దమామయ్య. పై వీధిలోని మా పినతండ్రి కుమారుడు "బూడిదరంగు గుర్రం ఆయన". అంతెందుకు, నా భార్య అనార్‌కాన్ అప్పటికి నలభై రెండేళ్ల కాపురంలో నన్ను "ముసలాయనా" అని తప్ప మరోలా పిలిచి ఎరుగదు. మొదటిసారి అలా పిలిచిన నాటికి నాకు ఇరవై నాలుగేళ్లు.

కోక్‌తాష్ పాఠశాలలో ముప్ఫై ఎనిమిదేళ్లపాటు ఇంగ్లీషు బోధించి విశ్రాంతి పొందినవాణ్ని నేను. ప్రతి ఉదయం హాజరు పట్టిక తెరిచి, ఒక్కొక్క విద్యార్థి పేరునూ ఇంటిపేరుతో సహా, అక్షరం మింగకుండా పిలవడం నా పద్ధతి. టై కట్టుకోకుండా గడప దాటకపోవడం మరొక పద్ధతి. ఈ రెంటినీ ఆత్మస్తుతి కోసం చెప్పడం లేదు. జరిగినదానికి ఇవి అవసరం.

ఆ మార్చి నెలలో మా తలాస్ లోయకు విదేశీ సహాయం వచ్చింది. "పొరుగు దేశాల ఆర్థిక, సామాజిక సంస్కరణలకు తోడ్పడే ప్రాంతీయ సహాయ కార్యక్రమం" అని దాని పూర్తి నామాన్ని మా భాషలోకి అనువదించినవాణ్ని నేనే. ఊరివాళ్లు మర్నాటికల్లా దాన్ని "సాయం" అని కుదించారు. నేను సరిదిద్దాను. వాళ్లు వినలేదు.

ఆ సాయం అవసరమైనది మా కాలువకు. సోవియట్ రాజ్యం అంతరించి పన్నెండేళ్లయింది. ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం పోయింది. తూముల ఇనుప తలుపులను ఎవరో పాత ఇనుము కింద అమ్ముకున్నారు. వాటి స్థానంలో చెక్కపలకలూ గోనెసంచులూ వచ్చాయి. ఆ కాలువ మా తెల్ల చిక్కుడు పొలాలను తడిపి, పద్నాలుగు కిలోమీటర్ల దిగువన సరిహద్దు దాటి కజకుల ఊరికి పోవాలి. జూలై వచ్చిందంటే అక్కడికి పోయేది బురద మాత్రమే. ఇరవై అయిదేళ్లుగా ఊరికి నీరటి మా అన్న బేషెన్. ఏ పొలానికి ఎప్పుడు నీరు పెట్టాలో ఆయన నోటిమాటే శాసనం. మా అన్న న్యాయం తప్పేవాడు కాదు. అయితే ఎవరింట టీ వేడిగా దొరికితే ఆ పొలానికి నీరు ఒక గంట ముందు అందేది.

కార్యక్రమం తరఫున వచ్చిన ఆమె పేరు ఇర్యా. ఫిన్లాండు దేశస్థురాలు, అరవయ్యేళ్లది, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని తిరిగేది. ఆమెకు రష్యన్ రాదు, కిర్గిజ్ అసలే రాదు. కనుక ఆ పంటకాలమంతా ఆమె గొంతు నేనే.

ఏప్రిల్ మొదటి ఆదివారం పాఠశాల హాలులో ఆమె షరతులు చెప్పింది, నేను వాక్యం వాక్యం అనువదించాను. రెండు ఊళ్లకూ ఉక్కు తలుపులు, సిమెంటు కాలువ ఇస్తారు. ముందుగా ఒక్క పంటకాలం మేము నీటిసంఘం పెట్టుకుని, రాసుకున్న వంతుల ప్రకారం నీరు పంచి చూపాలి. అధ్యక్షుణ్ని రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. ప్రతి అయిదో రోజు తూములన్నీ మూసి నీరంతా దిగువ ఊరికి వదలాలి. నెలకొకసారి బహిరంగ సభ పెట్టి, వంతు తప్పినవాళ్ల పేర్లను అధ్యక్ష స్థానంలో ఉన్నవారు స్వయంగా, గట్టిగా చదవాలి; వినడానికి దిగువ ఊరి ప్రతినిధి కూర్చుంటాడు.

"వంతు తప్పేవాళ్లు ఉంటారు," అంది ఇర్యా. "దానికి మేము వెనక్కి వెళ్లిపోం. ఒక్కరి పేరు దాచినా వెళ్లిపోతాం. పక్క లోయలో ఇంకో ఊరు ఎదురుచూస్తోంది."

ఆ నిబంధనను నేను మూడుసార్లు చదివి, మూడుసార్లు అనువదించాను.

"కొలబద్ద చూసి నీటి లెక్క కట్టడం ఎవరికి వచ్చు?" అని ఆమె అడిగింది.

మా అన్న ముందు వరుసలో కూర్చుని తెల్ల కల్పాక్ టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "కొలబద్ద దేనికమ్మా? ఆవు పొదుగు చూసి పాలెన్నో చెప్తాను, కాలువ చూసి నీళ్లెన్నో చెప్పలేనా?"

హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక, వెనక వరుసలోంచి కిరాణా కొట్టు నడిపే సాలిమా గొంతు వినబడింది. "మాస్టారి కోడలికి వచ్చు. నీటిపారుదల కాలేజీలో చదివి, పదకొండేళ్లుగా మీ ఇంట్లో పాలు పితుకుతోంది. అడగరేం?"

పెట్టె లేక పాల క్యానులో ఓట్లు వేశాం. కమతానికొక ఓటు, తొంభై ఎనిమిది కమతాలు. జుపార్‌కు యాభై నాలుగు, మా అన్నకు నలభై నాలుగు. లెక్క చదివినవాణ్ని నేనే. నా కంఠంలో గర్వం ధ్వనించకుండా జాగ్రత్తపడ్డాను. ధ్వనించిందని తర్వాత అనార్‌కాన్ చెప్పింది.

మా అన్న బయట నా భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకురా తమ్ముడూ. నా నీరటి పార నీ ఇంటికే వచ్చింది, పరాయింటికి పోలేదు."

"నీ పెద్దమనసు, అన్నా."

"ఆగు, పూర్తిగా విను. నీ కోడలి లెక్కలో ఒక్క వంకర కనబడనీ. ఆ రోజే నా పార నాకు తిరిగొస్తుంది. నలభై నాలుగు మంది చూస్తుంటారు."

ఆ సాయంత్రం జుపార్ ఎప్పటిలాగే సమోవార్ పక్కన కూర్చుని టీ పోసింది. మా అబ్బాయి కుబాత్ పాల లారీ దిగి వచ్చి, భార్యను చూసి లేచి నిలబడి సలాం కొట్టాడు. "అధ్యక్షురాలు గారూ, మా లారీ కడగడానికి ఒక బకెట్ నీళ్లు దయచేయిస్తారా?"

"అర్జీ పెట్టుకోండి," అంది జుపార్. "వంతు రావడానికి తొమ్మిది రోజులు."

*

మేము చేసిన పొరపాటు మే నెలాఖరు సభలో బయటపడింది.

పట్టికలో మూడు పేర్లున్నాయి. జుపార్ నిలబడి మొదటిది చదివింది. అతను మా వంశం కాదు. రెండోదాని దగ్గర ఆగింది. ఆమె ముఖం ఎర్రబడింది. చివరికి, "పన్నెండో నంబరు. బూడిదరంగు గుర్రం ఆయన," అంది.

సభ గొల్లుమంది. బూడిదరంగు గుర్రం ఆయన అందరికంటే ఎక్కువగా నవ్వాడు.

దిగువ ఊరి ప్రతినిధి తులెగెన్ అనే కజకు పెద్దమనిషి. ఆయన పెన్సిలు చెవి వెనక నుంచి తీసి, "అమ్మా," అన్నాడు, "మా ఊళ్లోనే బూడిదరంగు గుర్రాలు పదిహేనున్నాయి. మావాళ్లు నన్నడిగితే గుర్రం పేరు చెప్పనా, మనిషి పేరు చెప్పనా?"

ఇర్యా నా వైపు తిరిగింది. ఆమెకు వివరించవలసివచ్చింది. తొంభై ఎనిమిది కమతాలలో అరవై రెండు మా వంశానివి. వాటి పెద్దల పేర్లు ఈ అమ్మాయి నోట రాకూడదు. ఈ సంగతి హాలులోని ప్రతి పిల్లవాడికీ తెలుసు. అయినా షరతులు విన్న రోజున, ఓట్లు వేసిన రోజున, మగవాళ్లలో ఒక్కడికీ అది తట్టలేదు. మన పేరు పలకని మనిషి ఇంట్లోనే తిరుగుతుంటే, పలకడం లేదన్న మాట చెవికి ఎక్కదు. మూడుసార్లు అనువదించిన నాకూ ఎక్కలేదు. ఆడవాళ్లకు తట్టే ఉంటుంది. వాళ్లను మేము అడగలేదు.

"ఇబ్బందిగా ఉంటే నిబంధన మార్చవచ్చు," అంది ఇర్యా. "చదవడానికి ఇంకొకరిని పెడదాం."

నేను అనువదించేలోపే నా ముఖంలోనే చదివినట్టు జుపార్ తల అడ్డంగా ఊపింది. "మార్చొద్దని చెప్పండి మామయ్యా. ఇవాళ నా కోసం ఒకటి మారిస్తే, రేపు ఇంకొకరి కోసం ఇంకోటి మార్చాలి. దారి మనమే చూసుకుందాం."

అప్పుడు నేను టై సవరించుకుని వేదిక మీదికి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. "కమతం నంబరు ఆమె చెబుతుంది. మా వంశపు పెద్దల పేరు వచ్చినచోట నేను చదువుతాను. ఈ పంటకాలానికి ఆమె గొంతు నేను."

"నీకు ఎన్ని గొంతులురా తమ్ముడూ," అన్నాడు మా అన్న. "ఒకటి ఆ దొరసానికి, ఒకటి కోడలికి. నీకంటూ ఏమైనా మిగిలిందా?"

పేరు దాగడం లేదు కనుక ఇర్యా ఒప్పుకుంది. జూన్ సభలోనూ అలాగే జరిగింది. ఆమె నంబరు చెప్పగానే నేను ఆ మనిషి పేరును, తండ్రి పేరుతో సహా, పాఠశాలలో పిలిచినట్టే స్పష్టంగా పిలిచేవాణ్ని. చాలామంది నా పాత విద్యార్థులే. అలవాటుకొద్దీ లేచి నిలబడేవారు. సభకు ముందురోజు సాయంత్రం జుపార్ పట్టిక తెచ్చి, "ఒకసారి చూసుకుంటారా మామయ్యా?" అనేది. నేను చూసేవాణ్ని. తప్పినవాళ్లు ఒక రోజు కాలువలో పూడిక తీయాలి, అదే శిక్ష. ఆ జూన్‌లో దిగువ ఊరికి వాళ్ల వంతు నీరు ఒక్క రోజూ తగ్గలేదు. తులెగెన్ తన పుస్తకంలో రాసుకుని, వెళ్తూ వెళ్తూ, "మా నాన్న కాలంలో కూడా ఇలా రాలేదు మాస్టారూ," అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటను నేను మనసులో మూడు భాషలలోకి అనువదించుకున్నాను.

*

జూలైలో కొండల మీది మంచు తొందరగా కరిగిపోయింది. కాలువ సన్నగిల్లింది. సరిగ్గా చిక్కుడు పూతకు వచ్చిన వారంలో మొదటి తూము దగ్గర గట్టు తెగి, ఒక బుధవారం రోజంతా నీరు ఆపవలసివచ్చింది. ఆ రోజు వంతు మా అన్నది. పోయిన వంతు పట్టిక చివరికి వెళ్తుంది. అంటే తొమ్మిది రోజులు.

గురువారం దిగువ ఊరి రోజు. తూములన్నీ మూసి ఉన్నాయి. జుపార్ గట్టు పని చూడడానికి కాలువ పైకి వెళ్లింది. అనార్‌కాన్ పుట్టింటికి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం మా అన్న వచ్చి, నా ఎదురుగా కూర్చుని, భోజనానికి పరిచిన బట్ట మీద రొట్టె పక్కన ఒక చిక్కుడు కాడను పెట్టాడు. పూలు ఎండి ముడుచుకున్నాయి.

"చూశావా?"

"చూశాను."

"పూత రాలుతోంది. ఇంకో తొమ్మిది రోజులట. పట్టికలో ఉందట."

"జుపార్‌ని అడుగు అన్నా. ఇద్దరు ఒప్పుకుని, రాసి, వంతులు మార్చుకోవచ్చని నిబంధన ఉంది."

"నేనా?" ఆయన గొంతు పెంచలేదు. "ఇరవై అయిదేళ్లు ఊరికి నీళ్లు పంచినవాణ్ని. నీ ఇంటి పిల్ల ముందు నిలబడి నీళ్లు ఇప్పించమ్మా అనమంటావా?"

"అయితే నన్నేం చేయమంటావు?"

"నిన్నేమీ అడగలేదే. టీ తాగుదామని వచ్చా."

టీ తాగాడు. కాడను అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

నేను ఆ కాడను చాలాసేపు చూశాను. మర్నాడు మా పొలానికి నాలుగు గంటల వంతు ఉంది. అందులో రెండు గంటలు వదులుకుని, ఆ రెండు గంటలను ఈ రోజే మా అన్న పొలానికి ఇస్తే లెక్క సరిపోతుంది. నీటిచుక్క ఎక్కువ తీసుకున్నట్టు కాదు. గణితంలో దోషం లేదు. ఏ మార్పైనా ముందుగా రాతలో పెట్టాలని, దిగువ ఊరి రోజును ఎవరూ ముట్టుకోకూడదని ఊరందరికీ అనువదించి వినిపించినవాణ్ని నేనే అన్న సంగతి మాత్రం ఆ మధ్యాహ్నం నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనడం సబబు.

ఒంటిగంటకు ఊరంతా ఎండకు తలుపులు వేసుకుని పడుకుంది. నేను టైతోనే పొలానికి వెళ్లి, మా తూము పలక ఎత్తాను. మా పిల్లకాలువ గుండా నీరు పక్కనున్న మా అన్న చాళ్లలోకి పారింది. గడియారం చూసుకుని సరిగ్గా మూడు గంటలకు పలక దించాను. మర్నాడు మా వంతులో రెండు గంటలు ముందుగానే తూము మూసేశాను.

గురువారం ఇంటికి వచ్చి బూట్లు గుమ్మం దగ్గర విడిచి పడుకున్నాను. నిద్రలేచేసరికి జుపార్ కాలువ నుంచి తిరిగివచ్చి ఉంది. బూట్లు కడిగి, తుడిచి, మొనలు వాకిలి వైపు ఉండేలా పెట్టి ఉన్నాయి. పదకొండేళ్లుగా ప్రతి సాయంత్రమూ ఆమె చేసే పనే అది.

తూములన్నీ మూసి ఉన్న రోజున ఊళ్లో తడి బురద ఎక్కడా ఉండకూడదు. ఆ ఆలోచన నాకు చీకటి పడ్డాక వచ్చింది.

*

శనివారం తులెగెన్ మోటారు సైకిలు మీద వచ్చాడు. రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాకే పుస్తకం తీశాడు. ఆ మర్యాద ఆయనకుంది.

"గురువారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మా కొలబద్ద మీద నీరు రెండు వేళ్లు తగ్గిందమ్మా. మళ్లీ దానంతటదే పెరిగింది. గట్టు తెగితే అలా ఉండదు. ఎవరో తలుపు ఎత్తి దించారు."

జుపార్ ఆయనకు టీ పోసింది, తర్వాత నాకు పోసింది. పెద్దలకు పోసేటట్టే, సగం కప్పు.

"ఇక్కణ్నించి మీ దగ్గరికి నీరు చేరడానికి అయిదు గంటలు," అంది. "అంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా."

"ఎవరో తేలుతుందా?"

"తేలుతుంది."

ఆమె నా వైపు చూడలేదు. కప్పు నాకు అందించేటప్పుడు రెండు చేతులతోనే అందించింది.

తులెగెన్ వెళ్లాక అనార్‌కాన్ నసిగింది. "తేలకపోతే ఎలాగే పిల్లా? సాలిమా కొట్టు దగ్గర అప్పుడే మాట్లాడుకుంటున్నారు. దొంగ దొరక్కపోతే ఉక్కు తలుపులూ రావు, నిన్నూ దింపేస్తారు. మా బావగారు పారకు పదును పెట్టించుకుంటున్నారట."

"రేపు సభలో చదువుతాను కదా అత్తయ్యా."

సాయంత్రం ఆమె పట్టిక మడతపెట్టి తెచ్చింది. "మామయ్యా, ఒకసారి చూసుకుంటారా?"

నేను పత్రిక చదువుతున్నాను, చదువుతున్నట్టు కూర్చున్నాను. "ఎరిగిన పేర్లే కదమ్మా. చూడడం దేనికి?"

ఆమె ఒక నిమిషం నిలబడింది. "సరే మామయ్యా," అని వెళ్లింది. ఆ నిమిషాన్ని ఆమె నాకు ఇచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లలకు నిజాయితీ మీద వ్యాసాలు రాయించినవాణ్ని, దాన్ని వాడుకోలేదు. బూట్లు కడిగేసింది కదా, ఇది మా గుమ్మంలోనే కడుక్కుపోయిందని నన్ను నేను నమ్మించుకున్నాను.

*

ఆదివారం హాలు కిక్కిరిసింది. ఇర్యా రాజధాని నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఆమె పక్కన తులెగెన్, అతని ఒళ్లో పుస్తకం. మా అన్న మూడో వరుసలో ఉన్నాడు. నేను వేదిక మీద జుపార్ పక్కన, నా స్థానంలో నిలబడ్డాను.

ఎనిమిది నంబర్లు. అయిదింటిని ఆమె తానే చదివింది. రెంటికి ఆమె నంబరు చెప్పింది, నేను పేరు చెప్పాను. తర్వాత ఆమె ఒక అడుగు పక్కకు జరిగి, కాగితం నా చేతికి ఇచ్చింది.

"గురువారం, దిగువ ఊరి వంతు రోజు. పగలు ఒంటిగంట నుంచి మూడు దాకా. ముప్ఫై ఒకటో నంబరు."

కాగితం మీద నా పేరు గుండ్రటి అక్షరాలతో, మా నాన్న పేరుతో సహా ఉంది. నంబర్లు కంఠస్థంగా ఎరిగినవాళ్లు ఊళ్లో చాలామంది. వెనక వరుసలవాళ్లు మెడలు చాచి నన్ను చూశారు. ఇర్యా అనువాదం కోసం నా వైపు చూస్తోంది. నా పక్కన నిలబడిన అమ్మాయి తలగుడ్డ కొసను గట్టిగా పట్టుకుంది.

నేనే చదివేయవచ్చు. నోరు తెరిచాను కూడా. కాని నా పేరు నేను చదివితే, పెద్దమనిషి గొప్పగా ఒప్పుకున్నాడని ఊరు నాలుగు రోజులు చెప్పుకుంటుంది. తలుపు ఎత్తినవాణ్ని నేనే, చప్పట్లు కొట్టించుకునేవాణ్నీ నేనే అవుతాను.

కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. కాగితం ఆమె చేతిలో పెట్టాను.

"అధ్యక్ష స్థానంలో ఉన్నవారే చదవాలన్నది నిబంధన. అనువదించినవాణ్ని నేను. చదువమ్మా."

"మామయ్యా..."

"చదువు."

మూడో వరుసలో మా అన్న లేచాడు. "వద్దురా తమ్ముడూ. పిల్ల చేత ఆ పని చేయించకు. నీళ్లు పారింది నా పొలానికి. నా పేరు రాసుకోండి."

"పలక ఎత్తింది నేను అన్నా. కూర్చో."

వేదిక దిగి, మొదటి వరుసలో ఒక కుర్రవాడు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాను. జుపార్ తలగుడ్డ సవరించుకుంది. కోడళ్లు పెద్దల ఎదుట వంగేటట్టు, చెయ్యి మోకాలికి ఆనించి నా వైపు ఒకసారి వంగింది. తర్వాత నిటారుగా నిలబడింది.

"ముప్ఫై ఒకటో నంబరు. ఎసెన్‌కుల్ జుమాబాయెవ్."

ఒక్క ఊపిరిలో రెండు నిషిద్ధ నామాలు, నాదీ, మా నాన్నదీ. అక్షరం మింగలేదు, స్వరం తడబడలేదు. ఎవరి ఉచ్చారణలోనైనా దోషం వెతకడమే వృత్తిగా బతికిన నాకు అందులో దిద్దడానికి ఏమీ దొరకలేదు.

నా జీవితమంతా నేను పేర్లు పిలిచాను. నన్ను పిలిచినవారు లేరు. లేచి నిలబడ్డాను.

"హాజరు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తులెగెన్ పుస్తకంలో రాసుకుని, పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. "మావాళ్లకు చెప్తానమ్మా. మనిషి పేరే చెప్తాను."

ఇర్యా నా మోచెయ్యి తాకి, ఏం జరిగిందని అడిగింది. ఆ పంటకాలమంతా నేను అనువదించకుండా వదిలేసిన సంగతి ఒక్కటే, అది అదే. "పట్టిక చదవడం పూర్తయింది," అన్నాను.

*

పూడిక తీసే రోజున నేను టై కట్టుకునే వెళ్లాను. అరవై ఆరేళ్లకు పార పట్టడం ఎలా ఉంటుందో వివరించను. పదిగంటల వేళ నా పక్కన ఇంకో పార పడింది. మా అన్నది. ఆయన పేరు పట్టికలో లేదు. నన్ను పలకరించలేదు. సూర్యుడు కొండ దిగే వరకు ఇద్దరం ఒకే కాలువలో, ఒకరి బురద ఒకరి మీద పడకుండా జాగ్రత్తపడుతూ తవ్వాం. నేను రెండుసార్లు జారిపడ్డాను. మొదటిసారి చెయ్యి అందించాడు. రెండోసారి, "టై పట్టుకుని లాగనా?" అన్నాడు.

సాయంత్రం జుపార్ కొలబద్ద చూడడానికి గట్టు మీదుగా వచ్చింది. మా అన్న పార మీది బురద గడ్డితో తుడిచి, ఆమె ముందు నేలలో గుచ్చాడు. ఇరవై అయిదేళ్ల నీరటి పార అది. పిడి ఆయన అరచేతికి సరిపోయేలా అరిగి ఉంది.

"పిడి నీకు పొడుగవుతుంది," అన్నాడు. "జానెడు కోయించుకో."

ఆమె వంగి తీసుకుంది. కోయించలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.

అక్టోబరులో ఉక్కు తలుపులు వచ్చాయి, మా ఊరికి పదకొండు, దిగువ ఊరికి తొమ్మిది. వాటిని చూడడానికి చుట్టుపక్కల మూడు దేశాల నుంచి అతిథులు వచ్చారు. మొదటి తూము దగ్గర గాలికి జెండాలు పటపటలాడుతుండగా, ఇర్యా నన్ను ముందుకు రమ్మంది. నేను గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో, "వీరు కోక్‌తాష్ నీటిసంఘం అధ్యక్షురాలు," అని మా కోడలిని పరిచయం చేశాను. మా కోడలు అన్న మాట ఉద్దేశపూర్వకంగా వదిలేశాను. ఆ వాక్యానికి అది అవసరం లేదు.

జుపార్ చేత్తో చక్రం తిప్పింది. తలుపు మూరెడు లేచింది. నీరు మా వైపు నుంచి వాళ్ల వైపుకు నడిచింది.

ఆ సాయంత్రం అతిథులను సాగనంపి వచ్చి, వాకిట్లో నిలబడి టై ముడి వదులు చేసుకుంటున్నాను. వంటింట్లో అత్తాకోడళ్ల గొంతులు వినబడ్డాయి.

"అనండి అత్తయ్యా. ఏమీ కాదు."

"పోవే. నలభై రెండేళ్లు. ఇప్పుడు నోరు తిరగదు."

"నాకు తిరిగింది కదా."

"నువ్వు కాలేజీలో చదివావు."

తర్వాత అనార్‌కాన్ చేతులకు పిండితోనే గుమ్మంలోకి వచ్చింది. వెలుగు వెనక నుంచి పడుతున్నందున ఆమె ముఖం నాకు కనబడలేదు.

"ఎసెన్‌కుల్," అంది. "టీ చల్లారిపోతోంది."

నేను టై ముడి మళ్లీ బిగించుకుని లోపలికి వెళ్లాను.